50 వేలలో యూనివర్సిటీ చదువుకు కంప్యూటర్: కొత్తదా, పాతదా, డెస్క్‌టాపా?

కౌన్సెలింగ్‌లో సీటు ఖరారై, కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు కట్టేశాక చాలా ఇళ్లలో కంప్యూటరు కోసం ఒక గట్టి అంకె మాత్రమే మిగులుతుంది. మొన్న మా అక్కయ్య ఇంట్లో ఆ అంకె 50 వేలు. అంతకు మించి రూపాయి కూడా తీయలేనని బావగారు ముందే చెప్పేశారు. మేనకోడలికి కూకట్‌పల్లి వైపున్న ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. హైదరాబాదులో ఉంటున్న మేనమామను నేనే కాబట్టి బజారుకు తీసుకెళ్లే బాధ్యత నా మీద పడింది. ఇంతకుముందు కూడా బంధువుల పిల్లలు నలుగురైదుగురికి దగ్గరుండి కొనిపించాను. వాటిలో ఎక్కువ భాగం చదువు పూర్తయ్యేదాకా నిలిచాయి, ఒకటి మాత్రం రెండో ఏడాదికే చేతులెత్తేసింది. నాకు ఎక్కువ పాఠం చెప్పింది ఆ ఒక్కటే. దాని సంగతి కింద వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. బడ్జెట్ 50 వేలు కదా అని 50 వేల యంత్రం కొంటే ఆ తర్వాతి ఖర్చులన్నీ ఇంటి మీద పడతాయి. వానకు తడవని బ్యాగు, మౌసు, ప్రాజెక్టు ఫైళ్లు దాచుకోవడానికి ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు, వీటన్నిటికీ నాలుగైదు వేలు పక్కన పెట్టాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మూడో ఏటికి చేవ తగ్గడం మామూలే కాబట్టి దాన్ని మార్చడానికి మరో మూడు నాలుగు వేలు ఉంచుకోవాలి. అంటే యంత్రానికి మిగిలేది దాదాపు 42 వేలు. విద్యారుణం తీసుకుంటున్నవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి: కోర్సు పూర్తి చేయడానికి కంప్యూటరు అవసరమైతే దాని ఖర్చును కూడా రుణంలో చేర్చుకునే వీలు బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంలోనే ఉంది. అయితే కొన్న తర్వాత బిల్లు పట్టుకెళ్లడం కన్నా, దరఖాస్తు సమయంలోనే కొటేషన్ జతచేసి బ్యాంకువారిని అడగడం క్షేమం.

ఏ కొలతలతో తూచాలి

దుకాణంలో అట్ట మీద పెద్ద అక్షరాలతో కనిపించేవి ప్రాసెసర్ పేరు, ఫైళ్లు దాచుకునే లోపలి డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీ పరిమాణం, తగ్గింపు శాతం. విద్యార్థి రోజూ అనుభవించేవి మాత్రం కళ్లకు ఆనాల్సిన స్క్రీను, వేళ్ల కింద కీబోర్డు, భుజం మీద బరువు, ప్లగ్ దొరకని తరగతి గదిలో బ్యాటరీ. అందుకే ధర అడగడానికి ముందు కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి.

మొదటిది, మీ కోర్సులో వాడే సాఫ్ట్‌వేర్ దేని మీద నడుస్తుంది? భవనాలు, యంత్రాల డిజైనుకు వాడే రెవిట్, సాలిడ్‌వర్క్స్, ఈట్యాబ్స్, స్టాడ్ ప్రో, ఖాతా లెక్కలకు వాడే ట్యాలీ ప్రైమ్, డేటా విశ్లేషణకు వాడే పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్ కోసమే తయారైనవి. ఎలక్ట్రానిక్స్ వారు చిప్ డిజైనుకు వాడే వివాడో విండోస్ మీద, లైనక్స్ మీద నడుస్తుంది కానీ మ్యాక్ మీద నడవదు, పైగా డిస్కులో పదుల జీబీల చోటు ఆక్రమిస్తుంది. సీ, జావా, పైథాన్, వెబ్ ప్రోగ్రామింగ్‌కు మాత్రం ఏదైనా ఒకటే. ఈ ప్రశ్నకు జవాబు కోసం మొదటి ఏడాది సిలబస్ చూస్తే సరిపోదు, ఎందుకంటే అందులో ఏ బ్రాంచికైనా దాదాపు ప్రోగ్రామింగ్ ల్యాబు ఒక్కటే కనిపిస్తుంది. అదే డిపార్ట్‌మెంటులో మూడో ఏడు చదువుతున్న సీనియర్‌ను అడగాలి.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: కొన్న తర్వాత ఏది మార్చుకోగలం, ఏది మార్చుకోలేం? విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ దాదాపు అన్నిటిలోనూ మారుతుంది, బ్యాటరీ మారుతుంది. ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) కొన్నిటిలో మారుతుంది, కొన్నిటిలో మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి, అంటే ఊడదీయలేకుండా అతికించి ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, బరువు మారవు. స్క్రీను, కీబోర్డు మార్చడం సాధ్యమే గానీ అంత ఖర్చు పెట్టి ఎవరూ మార్చరు. ఉన్న డబ్బులో సింహభాగం ఈ మారనివాటికే పోవాలన్నది నా నియమం, కింది పోలికంతా దాని మీదే నడుస్తుంది.

ఈ నియమం నాకు ఊరికే రాలేదు. 2021లో మా పెదనాన్నగారి మనవడికి ఒక పలుచటి, చూడముచ్చటైన ల్యాప్‌టాప్ కొనిపించాను. కొత్త తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ చాలకపోతే తర్వాత వేసుకుందామని నేనే ధీమాగా చెప్పాను. రెండో ఏడాదిలో మొబైల్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, ఎమ్యులేటర్ అనే నమూనా ఫోను నడిపి, పక్కన బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు పెడితే మౌసు బాణం కదలడానికే తంటాలు పడేది. సరే 8 జీబీ అదనంగా వేయిద్దామని తీసుకెళితే, దుకాణంలోని కుర్రవాడు కింది మూతకున్న పది స్క్రూలూ విప్పి, బోర్డు నావైపు తిప్పి చూపించాడు. స్లాటు ఉండాల్సిన చోట ఏమీ లేదు, నాలుగు నల్లటి చిప్పులు బోర్డులోనే కలిసిపోయి ఉన్నాయి. ఆ అబ్బాయి మిగిలిన రెండేళ్లు కాలేజీ ల్యాబులోని కంప్యూటర్ల మీద ఆధారపడి ప్రాజెక్టు పూర్తి చేశాడు. తప్పు యంత్రానిది కాదు, కొనేముందు ఆ ఒక్క మాట అడగని నాది.

బరువు, బ్యాటరీ మూడో ప్రశ్న. పొద్దున ఎనిమిదిన్నరకు మియాపూర్–ఎల్బీనగర్ మెట్రోలో ఒంటికాలి మీద నిలబడి వెళ్లేవారికి, ఛార్జర్‌తో కలిపి కిలోన్నర ఉన్న సంచికీ మూడు కిలోల సంచికీ తేడా వారం తిరిగేసరికే తెలుస్తుంది. క్యాంపస్ హాస్టల్లో ఉండి తరగతికి నడిచి వెళ్లేవారికి ఇది అంత పెద్ద విషయం కాదు.

నాలుగోది రిపేరు, పెద్ద బ్రాండ్లన్నిటికీ హైదరాబాదులో సర్వీసు ఉంది కాబట్టి ఇక్కడ చదివేవారు దీని గురించి ఎక్కువ బెంగపడక్కర్లేదు. చివరిది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇంకా ఎంతకాలం అప్‌డేట్లు వస్తాయన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే స్థూలంగా 8వ తరం లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. ఈ గీత పాత ల్యాప్‌టాప్‌ల దగ్గర బాగా పనికొస్తుంది.

| కోర్సు | తప్పనిసరి | రాజీ పడగలిగేది |
|---|---|---|
| కంప్యూటర్ సైన్సు, ఐటీ | 16 జీబీ ర్యామ్, మంచి కీబోర్డు | విడి గ్రాఫిక్స్ కార్డు |
| ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ | 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ లేదా లైనక్స్ | గ్రాఫిక్స్ కార్డు, పలుచదనం |
| సివిల్, మెకానికల్ | విండోస్, 16 జీబీ ర్యామ్, పెద్ద స్క్రీను | బరువు, బ్యాటరీ |
| ఆర్కిటెక్చర్ | విండోస్, విడి గ్రాఫిక్స్ కార్డు, రంగులు సరిగా చూపే స్క్రీను | బరువు, బ్యాటరీ |
| కామర్స్, మేనేజ్‌మెంట్ | విండోస్, 8 జీబీ ర్యామ్, అంకెల కీప్యాడ్ ఉంటే సుఖం | ప్రాసెసర్ వేగం |
| భాషలు, చరిత్ర, న్యాయశాస్త్రం | కళ్లకు హాయైన స్క్రీను, బ్యాటరీ, తక్కువ బరువు | మిగిలినవన్నీ |

కొత్త మామూలు ల్యాప్‌టాప్

నూటికి ఎనభై మంది మనసులో ఉండేది ఇదే, పైగా ఏడాది వారంటీ ఇచ్చే నిశ్చింత చిన్నదేమీ కాదు. చిక్కల్లా ఈ ధరలో దొరికే యంత్రాలన్నీ పైకి ఒకేలా కనిపించడం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో అందరూ సీటీసీ అని పిలుచుకునే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మేనకోడలితో వెళ్లినప్పుడు మొదటి దుకాణంలో ఎదురైన మాట ఇది: "ఇది ఐ ఫైవ్ సార్, ఇంకేం గావాలె?" ఐ5 అన్న పేరుతో పదిహేనేళ్లకు పైగా రకరకాల చిప్పులు వస్తున్నాయి కాబట్టి ఆ పేరు ఒక్కటే ఏమీ చెప్పదు. దాని వెనక ఉన్న అంకెలు చదవాలి.

ఇంటెల్‌లో ఐ3-1215యూకి 6 కోర్లు (ప్రాసెసర్‌లో పనిని పంచుకునే విభాగాలు), ఐ5-1235యూకి 10 కోర్లు, ఐ5-12450హెచ్‌కి 8 కోర్లు ఉంటాయి. పది కన్నా ఎనిమిది తక్కువ కదా అనిపిస్తుంది గానీ, 1235యూలో పెద్ద కోర్లు రెండే, మిగిలిన ఎనిమిదీ విద్యుత్తు పొదుపు చేసే చిన్న కోర్లు. 12450హెచ్‌లో పెద్దవే నాలుగు. ఎక్కువసేపు బరువైన పని చేయించుకోవాలంటే హెచ్ రకం, బ్యాటరీ నిలవాలంటే యూ రకం. సెలెరాన్, ఎన్100 వంటి చిన్న చిప్పులను నాలుగేళ్ల చదువుకు నేను సిఫారసు చేయను.

ఏఎండీలో ఇంకో మాయ ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి, ధరలో కూడా పెద్ద తేడా కనిపించదు. 7000 వరుసలో మూడో అంకె చిప్ లోపలి నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3. మొదటిదానికి నాలుగే కోర్లు, రెండోదానికి ఆరు. అంతకన్నా ముఖ్యంగా, 7520యూ పనిచేసేది ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్‌తోనే, అది ఈ యంత్రాల్లో బోర్డుకు సోల్డర్ చేసే వస్తుంది. అంటే 8 జీబీతో కొంటే చదువు ముగిసేదాకా 8 జీబీయే. మా పెదనాన్నగారి మనవడి కథ మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి కొత్తది కొనేవారు దుకాణదారుణ్ణి అడగాల్సిన మాటలు రెండే: ఖాళీ ర్యామ్ స్లాటు ఉందా, స్క్రీను పక్కల నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ రకమేనా? మొదటిదానికి జవాబు నోటిమాటగా తీసుకోకుండా, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పూర్తి నంబరుతో వెతికి చూడాలి. రెండోదాన్ని కళ్లతోనే తేల్చుకోవచ్చు. మా మేనకోడలు ఒక ల్యాప్‌టాప్ మీద ఏదో ఫొటో తెరిచి మూతను మెల్లగా వెనక్కి వంచింది. ఫొటోలోని మనిషి ముఖం మొదట బూడిదరంగుకు, తర్వాత నెగెటివ్‌లా నలుపు తెలుపులు తిరగబడినట్టు మారిపోయింది. "మామయ్యా, ఇది వద్దు" అంది అంతే. అది టీఎన్ రకం ప్యానెల్. రోజుకు ఏడెనిమిది గంటలు చూడాల్సిన స్క్రీను విషయంలో ఇంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు.

ర్యామ్ గురించి ఒక మాట చేర్చాలి. తర్వాత వేసుకుందామన్న పథకం ఇదివరకు లాభసాటిగా ఉండేది. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో, మొదటే 16 జీబీతో వచ్చే మోడల్‌కు కాస్త ఎక్కువ పెట్టడమే చాలాసార్లు చౌక పడవచ్చు. రెండు ధరలనూ అదే రోజు అడిగి పోల్చుకోండి.

కంపెనీలు వాడి వదిలిన బిజినెస్ ల్యాప్‌టాప్

ఈ వ్యాసంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది, కాబట్టి నా పక్షపాతాన్ని ముందే ఒప్పుకుంటున్నాను. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లో చాలావరకు ల్యాప్‌టాప్‌లను లీజుకు తీసుకుంటాయి. మూడు నాలుగేళ్ల గడువు తీరగానే అవి గంపగుత్తగా బయటికి వస్తాయి, శుభ్రం చేసి రీఫర్బిష్డ్ పేరుతో అమ్ముతారు. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి ఈ వరుసలు కొత్తగా ఉన్నప్పుడు మన బడ్జెట్‌కు అందనివి. కీబోర్డు, కీళ్లు, ఒంటి గట్టిదనం, అంటే సరిగ్గా మార్చుకోలేమన్న భాగాలే వాటిలో మేలైనవి. ర్యామ్ స్లాట్లు కూడా ఎక్కువ మోడళ్లలో ఉంటాయి. 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480లో రెండు స్లాట్లు, చేత్తో ఊడదీసి మార్చుకునే అదనపు బ్యాటరీ ఉన్నాయి.

ఏ తరం కొనాలన్నదే కీలకం. ఇంటెల్ 7వ తరం దాకా ల్యాప్‌టాప్‌లలోని యూ రకం ఐ5కు రెండు కోర్లే ఉండేవి, 8వ తరంలో అవి నాలుగయ్యాయి. విండోస్ 11 గీత కూడా సరిగ్గా అక్కడే పడింది. అందువల్ల 6, 7 తరాల యంత్రం 12 వేలకే ఇస్తామన్నా తీసుకోవద్దు. 8వ తరం కనీసార్హత మాత్రమే. నాలుగేళ్లు నిలవాలంటే 10 లేదా 11వ తరం చూడాలి. మేము తిరిగిన దుకాణాల్లో 11వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న 14 అంగుళాల యంత్రాలకు 27 నుంచి 33 వేల దాకా అడిగారు. బేరం ఆడితే వెయ్యి, పదిహేను వందలు దిగారు.

ఇంత చవకగా ఎందుకు వస్తుందంటే, రిస్కు మన వైపు మళ్లుతుంది కాబట్టి. అందుకే దుకాణంలో కనీసం నలభై నిమిషాలు కూర్చోవాలి. తొందరపెట్టేవాడి దగ్గర కొనకూడదు. ముందు బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ ద్వారా విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీసుకోవచ్చు. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా ఛార్జి చేస్తే పట్టే సామర్థ్యం పక్కపక్కన కనిపిస్తాయి. మొదటిది 50 వేల యూనిట్లు, రెండోది 39 వేలు ఉంటే బ్యాటరీలో 78 శాతం ప్రాణం ఉన్నట్టు. 70కి దిగువన ఉంటే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించమనాలి. ఆ తర్వాత తెల్లటి పేజీ తెరిచి స్క్రీనులో మచ్చలు చూడాలి, ప్రతి మీటా నొక్కాలి, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టాలి, మూతను పదిసార్లు తెరిచి మూయాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం తెలుస్తుంది. ఛార్జర్ ఆ యంత్రానికి తగిన వాటేజీదేనా అన్నది కూడా చూడాలి.

చాలామంది మరిచిపోయేది తాళం. విండోస్ కన్నా ముందే తెరుచుకునే బయాస్‌కు పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఒక రకం. రెండోది ఇంకా జిత్తులమారి: కంపెనీలు తమ యంత్రాలను మైక్రోసాఫ్ట్ వారి ఆటోపైలట్ వంటి పద్ధతిలో తమ పేరిట నమోదు చేసుకుంటాయి, ఆ నమోదును తొలగించకుండా అమ్మేస్తే, యంత్రాన్ని పూర్తిగా రీసెట్ చేసి ఇంటర్నెట్‌కు కలిపిన క్షణంలో అది పాత కంపెనీ మెయిల్ ఐడీ అడుగుతుంది. మాకు చూపించిన ఒక యంత్రం అచ్చంగా ఇదే చేసింది. రీసెట్ చేయమని మేనకోడలు పట్టుబట్టబట్టి బయటపడింది గానీ, లేకపోతే ఇంటికి తెచ్చుకునేవాళ్లం. "నెట్ తీసేసి సెటప్ జేస్కుంటే అయిపాయె సార్" అన్నాడు దుకాణదారు నవ్వుతూ. మళ్లీ ఎప్పుడు రీసెట్ చేసినా అదే తలనొప్పి, పైగా ఆ యంత్రం ఎలా బయటికొచ్చిందో తెలియని అనుమానం. దుకాణంలోనే, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో, మీ కళ్లముందే రీసెట్ చేయించండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి, అదే వీధిలో మరో పాతిక దుకాణాలున్నాయి.

బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వినకండి. దుకాణం ఇచ్చే వారంటీ మూడు నెలలా ఆరు నెలలా, అందులో మదర్‌బోర్డు ఉందా లేదా అన్నది సీరియల్ నంబరుతో సహా బిల్లు మీద రాయించుకోవాలి.

గేమింగ్ ల్యాప్‌టాప్

గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లు మన 42 వేలలోకి దిగడం కష్టం. పండగ ఆఫర్లలోనో, బ్యాంకు కార్డు తగ్గింపుతోనో తక్కువ స్థాయి మోడళ్లు 50 వేల దరిదాపులకు వస్తాయి, అప్పుడు బ్యాగుకు కూడా డబ్బు మిగలదు. ఆర్కిటెక్చర్ విద్యార్థికి, త్రీడీ మోడలింగ్ ఎక్కువగా చేసే మెకానికల్ విద్యార్థికి ఈ ఖర్చు న్యాయమైనదే. రెండు కిలోలు దాటిన బరువు, దానికి తోడు ఇటుకంత ఛార్జర్, కొన్ని గంటలకే అడుగంటే బ్యాటరీ, ఏప్రిల్ ఎండల్లో హాస్టల్ గదిలో గర్జించే ఫ్యాను, ఇవన్నీ వారు భరించాల్సిందే.

ఏఐ, మెషిన్ లెర్నింగ్ చదువుతామని చెప్పి గ్రాఫిక్స్ కార్డు కావాలనేవారితో మాత్రం నాకు పేచీ ఉంది. ఈ ధరలో వచ్చే కార్డుల్లో సాధారణంగా ఉండేది 4 జీబీ మెమరీ. నేర్చుకోవడానికి అది పనికొస్తుంది, కానీ అంతకన్నా మెరుగైన జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) గూగుల్ కోల్యాబ్, కాగిల్ అనే వెబ్‌సైట్లలో పరిమిత గంటలపాటు ఉచితంగా దొరుకుతుంది. బీటెక్ స్థాయి అసైన్‌మెంట్లకు అది సరిపోతుంది. అసలు కోరిక ఆటల మీద ఉంటే ఆ మాటే ఇంట్లో చెప్పడం మేలు. బావగార్లు మనం అనుకున్నంత అమాయకులు కారు.

పాత మ్యాక్‌బుక్ ఎయిర్

ఈ బడ్జెట్‌లో ఎక్కువగా దొరికేది ఆపిల్ 2020 నవంబరులో విడుదల చేసిన ఎం1 ఎయిర్, అదీ సెకండ్ హ్యాండ్‌లో. 1.29 కిలోల బరువు, ఫ్యానే లేని నిశ్శబ్దం, రోజంతా నిలిచే బ్యాటరీ, ఈ ధరలో మరేదీ ఇవ్వలేని స్క్రీను. రాతపని ఎక్కువగా ఉండేవారికి, వెబ్ ప్రోగ్రామింగ్ చేసేవారికి ఇది ముచ్చటైన యంత్రం. అయితే ఇందులో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ బోర్డు మీదే ఉంటాయి, ఎక్కువ భాగం 8 జీబీ, 256 జీబీ మోడళ్లే దొరుకుతాయి. మార్చుకోలేనివాటికే డబ్బు పెట్టాలన్న నా నియమం ఇక్కడ రెండు వైపులా కోస్తుంది: స్క్రీను, బ్యాటరీ, బరువులో గెలుస్తుంది, మెమరీలో ఓడుతుంది. సివిల్, మెకానికల్, కామర్స్ వారు దీని జోలికి పోకపోవడమే మంచిది. కొనేవారు పాత యజమాని తన ఆపిల్ అకౌంట్ తొలగించాడో లేదో చూసుకోవాలి, తొలగించకపోతే అది తాళం వేసిన బీరువా.

డెస్క్‌టాప్

ఇంటి నుంచే కాలేజీకి వెళ్లివచ్చేవారిలో దీన్ని ఆలోచించేవారు అరుదు. ఆలోచించాలి. ఆరు కోర్లున్న రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌కు గ్రాఫిక్స్ దాంట్లోనే ఉంటుంది కాబట్టి విడి కార్డు లేకుండా మొదలుపెట్టి, మూడో ఏడాదిలో అవసరమైతే కార్డు చేర్చుకోవచ్చు. పైన చెప్పిన లెక్కలో ఇక్కడ మార్చుకోలేనిదంటూ దాదాపు ఏదీ లేదు. మెడ వంచకుండా చూడగలిగే 22 అంగుళాల స్క్రీను, నచ్చిన కీబోర్డు అదనపు సుఖాలు. అయితే మానిటర్, యూపీఎస్ ఖర్చు మరిచిపోకూడదు. కరెంటు పోయినప్పుడు ఫైలు భద్రపరిచి యంత్రాన్ని ఆపుకోవడానికి 600 వీఏ యూపీఎస్ ఇచ్చే కొద్ది నిమిషాలు చాలు.

హాస్టల్, పీజీ విద్యార్థులకు ఇది పనికిరాదు. అమీర్‌పేట పీజీ గదిలో మూడు మంచాల మధ్య ఒకే ప్లగ్గు చూసినవారికి వివరించనక్కర్లేదు. ల్యాబుకు, హ్యాకథాన్‌కు, ఇంటర్న్‌షిప్‌కు సొంత యంత్రం తెచ్చుకోమనే కాలేజీల్లోనూ అంతే.

ట్యాబ్లెట్, క్రోమ్‌బుక్

కీబోర్డు తగిలించిన ట్యాబ్లెట్ పాఠాలు చదవడానికి, చేత్తో నోట్సు రాసుకోవడానికి బాగుంటుంది. ఏకైక కంప్యూటరుగా ఇంజనీరింగ్ విద్యార్థికి చాలదు. విండోస్‌కు బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్ మీద నడిచే క్రోమ్‌బుక్ ఇంటర్నెట్ నిలకడగా ఉన్నచోట రాతపనికి సరిపోతుంది, పై పట్టికలో విండోస్ అని రాసిన చోటల్లా విఫలమవుతుంది.

| ఎంపిక | 50 వేలలో మిగులు | తర్వాత మార్చుకునే వీలు | మోసుకెళ్లడం | ప్రధాన రిస్కు |
|---|---|---|---|---|
| కొత్త మామూలు ల్యాప్‌టాప్ | కొద్దిగా | మోడల్‌ను బట్టి | సులువు | సోల్డర్ ర్యామ్, నాసి స్క్రీను |
| రీఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్ | 15 వేల పైన | బాగా | సులువు | తాళం, బ్యాటరీ, తక్కువ వారంటీ |
| గేమింగ్ ల్యాప్‌టాప్ | ఏమీ ఉండదు | బాగా | కష్టం | బ్యాటరీ, వేడి |
| పాత ఎం1 ఎయిర్ | మోడల్‌ను బట్టి | అసలు లేదు | చాలా సులువు | 8 జీబీతోనే సర్దుకోవడం |
| డెస్క్‌టాప్ | కొద్దిగా | పూర్తిగా | వీల్లేదు | కరెంటు, హాస్టల్ |

ఎవరికి ఏది

కంప్యూటర్ సైన్సు, ఐటీ, ఎలక్ట్రానిక్స్ విద్యార్థి హైదరాబాదులోనే చదువుతూ, పరీక్షించి కొనగల మనిషి ఒకరు తోడుంటే 11వ తరం రీఫర్బిష్డ్ నా మొదటి సిఫారసు. అలా తోడు లేకపోతే, లేదా ఊళ్లో కొని పంపించాల్సి వస్తే కొత్తదే తీసుకోండి, 16 జీబీతో లేదా ఖాళీ స్లాటుతో. పాతదాని మీద ఆదా అయ్యే సొమ్ము పరీక్షించే ఓపిక ఉన్నవారికి వచ్చే ప్రతిఫలం, ఆ ఓపిక లేకపోతే అది జూదమవుతుంది.

సివిల్ విద్యార్థులకు మొదటి రెండేళ్లూ మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులకు ఉచితంగానే ఇస్తుంది కాబట్టి ఆ డబ్బు యంత్రానికే పెట్టవచ్చు. ఆర్కిటెక్చర్ వారికి మాత్రం వేచిచూసే వీలు తక్కువ: ఇంట్లో ఉండేవారైతే డెస్క్‌టాప్, హాస్టల్ వారైతే పండగ ఆఫర్‌లో గేమింగ్ ల్యాప్‌టాప్.

ఉస్మానియాలో ఆర్ట్స్, ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) భాషలు, లేదా న్యాయశాస్త్రం చదివేవారు 50 వేలూ ఖర్చు పెట్టనక్కర్లేదు. ఒక మంచి రీఫర్బిష్డ్ లేదా ఎం1 ఎయిర్ చాలు. తెలుగు సాహిత్య విద్యార్థులకు ఒక సూచన: యూనికోడ్ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ ఉంటుంది కానీ, డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్ల పని చేయాల్సివస్తే విండోస్ తీసుకోవాలి. కామర్స్ వారికి ట్యాలీ కోసం విండోస్, కళ్ల కోసం 15.6 అంగుళాల స్క్రీను.

ఎవరు ఏది కొన్నా, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు విడిగా డబ్బు కట్టేముందు కాలేజీ మెయిల్ ఐడీతో మైక్రోసాఫ్ట్ 365 ఉచితంగా వస్తుందేమో కనుక్కోండి. రాకపోతే లిబ్రేఆఫీస్ ఉంది. కొత్తది కొంటే డబ్బా, బిల్లు దాచి, సీరియల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ ఎప్పటినుంచి మొదలైందో అదే రోజు చూడండి. షోరూములో నెలల తరబడి ప్రదర్శనకు పెట్టిన యంత్రమైతే ఆ తేదీలో బయటపడుతుంది.

మా ఇంట్లో కథ ఇలా ముగిసింది. బావగారికి మొదట మనసొప్పలేదు. "పిల్లను కొత్తగా కాలేజీకి పంపుతూ పాత సామాను కొనిస్తామా బావా?" అని ఫోన్లో అరగంట వాదించారు. మేనకోడలే ఫోను లాక్కుని, "నాన్నా, కీబోర్డు బాగుంది, పైగా ఇంకో స్లాటు ఖాళీగా ఉంది" అని తేల్చేసింది. 11వ తరం ఐ5 లాటిట్యూడ్ 5420, 16 జీబీ ర్యామ్‌తో, ఆరు నెలల దుకాణం వారంటీతో 30 వేల 500 అయింది. బ్యాగు, మౌసు, డిస్కు పోను మిగిలిన 15 వేలు ఆ అమ్మాయి ఖాతాలోనే మూడో ఏడాది కోసం ఉన్నాయి. బావగారు మాత్రం చుట్టాలెవరైనా అడిగితే, "పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు వాడే ల్యాప్‌టాప్ కొన్నాం" అని చెబుతున్నారట. అందులో అబద్ధమేమీ లేదు.